నూలు మిల్లులు ఎలా పుట్టాయి? లాంకషైర్ పత్తి పరిశ్రమపై తరచుగా అడిగే ప్రశ్నలు

చరిత్ర పాఠం చదివే పిల్లలు, పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్ళు, చేనేత ఊళ్ళలో పెద్దవాళ్ళు తరచూ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. చాలామంది ఈ కథను మగ్గం దగ్గర మొదలుపెడతారు. నా దృష్టిలో మొదలుపెట్టాల్సింది రాట్నం దగ్గర. 18వ శతాబ్దంలో అన్నిటికన్నా ముందు మారింది నూలు వడికే పని. అందరికన్నా ముందు కూలి పోగొట్టుకున్నది వడికే ఆడవాళ్ళు. పుస్తకాల్లో వాళ్ళ గురించి ఒకటి రెండు వాక్యాలకు మించి కనబడవు కాబట్టి, ఆ మాట ఇక్కడ కొంచెం ఎక్కువే వినిపిస్తుంది.

పత్తి మొక్క మొలవని ఇంగ్లండ్‌లో నూలు పరిశ్రమ ఎందుకు పెరిగింది?

ముందు బట్ట మీద మోజు పుట్టింది. దాన్ని తామే తయారుచేయాలన్న ఆలోచన ఆ తర్వాత వచ్చింది. 17వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ ఓడలు సూరత్ నుంచి, బెంగాల్ నుంచి, కోరమండల్ తీరం నుంచి నూలు బట్టలను లండన్‌కు మోసుకెళ్ళాయి. అక్కడి మామూలు జనం అప్పటిదాకా కట్టింది ఉన్ని, అవిసె నార బట్ట. పట్టు ఉన్నవాళ్ళకే. ఉన్ని బరువు, తరచూ ఉతకడానికి కుదరదు. నార బట్టకు రంగు సరిగా పట్టదు. మన దగ్గర్నుంచి వెళ్ళిన బట్ట తేలిక, చవక, ఎన్నిసార్లు ఉతికినా పువ్వుల రంగు వెలిసేది కాదు. పరుపుల మీది దుప్పట్ల నుంచి ఆడవాళ్ళ గౌన్ల దాకా అదే అయిపోయింది.

అంటే ఇంగ్లండ్ వాయవ్య ప్రాంతమైన లాంకషైర్‌లోని పరిశ్రమ శూన్యంలోంచి పుట్టలేదు. మార్కెట్ అప్పటికే సిద్ధంగా ఉంది, కొనేవాళ్ళకు ఎలాంటి బట్ట కావాలో కూడా తెలుసు. ఆ బట్టను తమ దగ్గరే, ఎక్కువ కూలి ఇవ్వాల్సిన దేశంలో, చవగ్గా ఎలా తయారుచేయాలన్నదే అక్కడివాళ్ళ ముందున్న చిక్కు.

ఆ బట్టలో తెలుగు నేల వాటా ఉందా?

ఉంది, చిన్నది కాదు. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం పెద్ద రేవు. ఇంగ్లీషువాళ్ళు 1611లో అక్కడ వర్తక స్థావరం పెట్టారు. కలంతో గీసి, చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం ఎక్కించిన కలంకారీ బట్టలు ఇక్కణ్ణుంచి పర్షియాకు, ఆగ్నేయాసియాకు, తర్వాత యూరప్‌కు వెళ్ళాయి. నరసాపురం పక్కనున్న మాధవాయపాలెంలో, గోదావరి పాయల మీదున్న ఇంజరంలో కంపెనీ బట్టల కొనుగోలు కేంద్రాలు నడిచాయి. చుట్టుపక్కల ఊళ్ళలో దేవాంగులు, పద్మశాలీలు, ఇతర నేత కులాలవాళ్ళు వాటి కోసం తానులు నేశారు. ఒక్కో మగ్గం వెనక రాట్నాలు తిప్పే ఆడవాళ్ళు ఎందరో ఉండేవాళ్ళు. వాళ్ళు ఒక్క నేత కులాలకే చెందినవాళ్ళు కాదు. అన్ని కులాల్లోనూ పేద ఆడవాళ్ళకు, భర్త పోయిన ఆడవాళ్ళకు అది నాలుగు కాసులు తెచ్చే పని.

ఇంగ్లండ్ మన బట్టను నిషేధించిందంటారు. నిజమా?

నిజమే. ఉన్ని, పట్టు పరిశ్రమలవాళ్ళు గోల చేస్తే పార్లమెంటు 1700లో ఒక చట్టం చేసింది. భారత్, పర్షియా, చైనాల నుంచి వచ్చే అచ్చు బట్టలు, రంగు బట్టలు ఇంగ్లండ్‌లో వాడకూడదని దాని సారం. తెల్ల బట్ట తెప్పించుకుని లండన్‌లో అచ్చు వేసుకోవడానికి మాత్రం దారి మిగిలింది, వ్యాపారం అటు మళ్ళింది. 1719లో లండన్ పట్టు నేతగాళ్ళు వీధుల్లో అచ్చు బట్ట కట్టుకున్న ఆడవాళ్ళ మీద పడి గౌన్లు చింపారు. 1721లో రెండో చట్టం వచ్చింది. ఎక్కడ అచ్చు వేసినా సరే, అచ్చు వేసిన నూలు బట్ట కట్టుకోవడమే నేరమైంది.

కానీ పడుగు (నిలువు పోగులు) నార, పేక (అడ్డ పోగులు) నూలు కలిపి నేసే ‘ఫస్టియన్’ అనే బట్టను వదిలేశారు. లాంకషైర్‌వాళ్ళు నేసేది సరిగ్గా అదే. 1736లో ఇంకో చట్టం ఫస్టియన్ మీద అచ్చు వేయడం తప్పు కాదని తేల్చింది. ఉన్నివాళ్ళను కాపాడ్డానికి కట్టిన గోడ వెనక చివరికి పత్తివాళ్ళు పెరిగారు. స్వదేశంలో తయారైన అచ్చమైన నూలు బట్టకు 1774లో అనుమతి వచ్చేనాటికి పోటీకి దిగే సత్తా వాళ్ళకు వచ్చేసింది. స్వేచ్ఛా వాణిజ్యం వల్లే ఆ పరిశ్రమ ఎదిగిందని చెప్పేవాళ్ళు ఈ డెబ్బై ఏళ్ళను దాటేసి మాట్లాడుతున్నారు.

వాళ్ళు నార పడుగు ఎందుకు వాడారు? అంతా నూలే వేయొచ్చు కదా?

ఈ కథకు తాళంచెవి ఈ ప్రశ్నే.

మగ్గం మీద పడుగు పోగులు లాగి బిగించి ఉంటాయి. పేకను దగ్గరికి నెట్టే మగ్గపు పళ్ళ చట్రం దెబ్బలు తింటాయి, రాపిడి భరిస్తాయి. పురి గట్టిగా ఉంటే తప్ప తెగకుండా నిలవవు. పేకకు అంత బలం అక్కర్లేదు. ఇంగ్లీషు రాట్నాల మీద పడుగుకు సరిపడేంత గట్టి నూలు తీయడం అక్కడివాళ్ళకు చేతకాలేదు. మన ఆడవాళ్ళకు చేతనైంది. సన్నగానూ ఉండి పడుగుకు నిలిచే నూలు చేత్తో తీయడం తరాల సాధన. ఢాకా మస్లిన్‌కు వడికేవాళ్ళు పోగు తెగకుండా ఉండాలని గాలిలో తేమ ఉండే తెల్లవారుజామున కూర్చునేవాళ్ళు. ఆ నేర్పు ఓడలో ఎక్కించి తీసుకెళ్ళగలిగేది కాదు. అందుకే వాళ్ళు యంత్రం వైపు చూశారు.

ఇంకో చిక్కు నూలు పరిమాణం. ఒక నేతగాడికి సరిపడా నూలు అందించాలంటే నలుగురైదుగురు, కొన్నిసార్లు అంతకుమించి వడకాలి. 1733లో బరీ ఊరివాడు జాన్ కే ఫ్లై షటిల్ కనిపెట్టాడు. అంతకుముందు పేక పోగును మోసే నాడెను ఒక చేత్తో విసిరి రెండో చేత్తో అందుకోవాలి. వెడల్పాటి బట్టకు ఇద్దరు కూర్చోవాలి. ఇప్పుడు తాడు లాగితే నాడె అటూ ఇటూ పరుగెత్తుతుంది. మన గుంటమగ్గాలకు కూడా చాలా తర్వాత వచ్చి చేరింది ఈ పద్ధతే. నేత వేగం పెరిగేసరికి నూలు కొరత ఇంకా ముదిరింది. వడికేవాళ్ళు నూలు ఇచ్చేదాకా మగ్గాలు ఖాళీగా ఉండాల్సి వచ్చింది.

జెన్నీ, వాటర్ ఫ్రేమ్, మ్యూల్. వీటి మధ్య తేడా ఏమిటి?

పరీక్షల్లో పేర్లు, సంవత్సరాలు రాసి వదిలేస్తారు. ఏది ఏ పని చేసిందో తెలిస్తే వరస దానంతటదే గుర్తుంటుంది.

స్పిన్నింగ్ జెన్నీని బ్లాక్‌బర్న్ దగ్గరి నేతగాడు జేమ్స్ హార్‌గ్రీవ్స్ 1764 ప్రాంతంలో తయారుచేశాడు. రాట్నానికి పోగుకు పురి వేసే కదురు ఒకటే ఉంటుంది. జెన్నీకి మొదట్లో ఎనిమిది కదుళ్ళు. ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చేత్తో అడ్డకర్రను వెనక్కి లాగితే ఎనిమిది పోగులు ఒకేసారి సాగి పురి ఎక్కుతాయి. ఇంట్లోనే పెట్టుకోవచ్చు, ధర పెద్దగా లేదు. తర్వాతి కాలంలో వంద కదుళ్ళు దాటాయి. కానీ నూలు మెత్తన, పేకకే పనికొచ్చేది.

వాటర్ ఫ్రేమ్‌కు రిచర్డ్ ఆర్క్‌రైట్ 1769లో పేటెంటు తీసుకున్నాడు. ఏకును, అంటే దువ్విన దూదిని, జతలు జతలుగా ఉన్న రోలర్ల మధ్య నడిపిస్తారు. ముందు జత కన్నా తర్వాతి జత వేగంగా తిరుగుతుంది కాబట్టి దూది సాగుతుంది, చివర కదురు పురి వేస్తుంది. నూలు గట్టిగా వస్తుంది, పడుగుకు నిలుస్తుంది. నార అవసరం ఇక్కడితో తీరిపోయింది. పూర్తి నూలు బట్టను అనుమతించమని 1774లో పార్లమెంటును పట్టుబట్టి అడిగినవాడు కూడా ఆర్క్‌రైటే. ఈ యంత్రాన్ని తిప్పడానికి మనిషి చెయ్యి చాలదు. గుర్రమో, నీటి చక్రమో కావాలి. అంటే ఇల్లు సరిపోదు, మిల్లు కట్టాలి. వడికే పని ఇంట్లోంచి బయటికి నడిచింది ఈ ఒక్క కారణంతో.

మ్యూల్‌ను బోల్టన్‌కు చెందిన శామ్యూల్ క్రాంప్టన్ 1779లో పూర్తిచేశాడు. వాటర్ ఫ్రేమ్ రోలర్లను, జెన్నీలో ముందుకూ వెనక్కూ కదిలే బండిని కలిపాడు. రెండు యంత్రాల సంకరం కాబట్టి కంచరగాడిద పేరు పెట్టారు. నూలు సన్నగానూ గట్టిగానూ వచ్చింది. మస్లిన్ నేయగలిగే నూలు ఇంగ్లండ్‌లో తయారుకావడం అదే మొదలు.

ఎంత తేడా వచ్చిందో చూడండి. వంద పౌన్ల దూదిని చేత్తో వడకడానికి భారతీయ వడుకరికి 50,000 గంటలు పట్టేదని, క్రాంప్టన్ తొలి మ్యూల్ మీద 2,000 గంటలు, 1790ల నడుమ యంత్రశక్తితో నడిచే మ్యూల్ మీద 300 గంటలు, 1825లో రిచర్డ్ రాబర్ట్స్ చేసిన స్వయంచాలక మ్యూల్ మీద 135 గంటలు పట్టేవని ఆర్థిక చరిత్రకారులు లెక్కకట్టారు. వంద కౌంటు నూలు (కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం) పౌను ధర 1786లో 38 షిల్లింగులు. 1807కల్లా 6 షిల్లింగుల 9 పెన్నీలకు పడిపోయింది. ఎంత తక్కువ కూలికి రాట్నం తిప్పినా ఈ ధరతో ఎవరూ పోటీ పడలేరు. బ్రిటన్‌లో వడికే ఆడవాళ్ళ ఇంటి ఆదాయం ఒక్క తరంలోనే పోయింది. తర్వాతి వంతు మన ఆడవాళ్ళది.

ఆర్క్‌రైట్ నిజంగా కనిపెట్టాడా, ఎవరిదైనా కాజేశాడా?

ఆర్క్‌రైట్ ప్రెస్టన్‌లో పుట్టాడు. క్షురకుడు, విగ్గులు చేసి అమ్మేవాడు. రోలర్ల ఆలోచనకు లూయిస్ పాల్, జాన్ వయట్ 1738లోనే పేటెంటు తీసుకున్నారు, కానీ వాళ్ళ యంత్రం లాభసాటిగా నడవలేదు. ఆర్క్‌రైట్‌కు యంత్రం చేసిపెట్టినవాడు జాన్ కే అనే గడియారాల పనివాడు. ఫ్లై షటిల్ కే వేరు, ఇతను వేరు, చాలామంది కలిపేస్తారు. ఈ కే అంతకుముందు థామస్ హైస్ అనే అతని దగ్గర పనిచేశాడు. ఆలోచన తనదేనని హైస్ కోర్టులో చెప్పాడు. 1785లో ఆర్క్‌రైట్ పేటెంట్లను కోర్టు కొట్టేసింది.

నా లెక్కలో అతని అసలు సృష్టి యంత్రం కాదు, మిల్లు. 1771లో డార్బీషైర్‌లోని క్రామ్‌ఫర్డ్‌లో, జెడెడయా స్ట్రట్, శామ్యూల్ నీడ్ పెట్టుబడితో కట్టిన మిల్లులో దూది ఏకడం నుంచి నూలు చుట్టడం దాకా ఒకే కప్పు కింద, ఒకే నీటి చక్రంతో నడిచింది. రాత్రీ పగలూ షిఫ్టులు, గంట మోగితే లోపలికి రావడం, పనివాళ్ళకు పక్కనే ఇళ్ళు. ఆ నమూనానే స్కాట్లండ్‌లోని న్యూ లానార్క్ నుంచి అమెరికా దాకా అందరూ అనుసరించారు. అతనికి 1786లో ‘సర్’ బిరుదు వచ్చింది, 1792లో గొప్ప ధనవంతుడిగా చనిపోయాడు.

క్రాంప్టన్ సంగతి వేరు. పేటెంటు తీసుకునే స్తోమత లేక, చందాలు ఇస్తామన్న వర్తకుల మాట నమ్మి మ్యూల్ రహస్యం బయటపెట్టాడు. చేతికొచ్చింది సుమారు 60 పౌండ్లు. 1811లో ఊరూరా తిరిగి చూస్తే తన మ్యూల్ కదుళ్ళు 40 లక్షలు దాటి తిరుగుతున్నాయి. మరుసటి ఏడు పార్లమెంటు 5,000 పౌండ్లు ఇచ్చి సరిపెట్టింది. ఈ అన్యాయం ఎప్పుడు చదివినా నాకు బాధ కలుగుతుంది.

లాంకషైరే ఎందుకు?

ఒక్క కారణం చెప్పమంటే చెప్పలేను. ఫస్టియన్ నేత వల్ల పత్తితో పని అక్కడివాళ్ళకు ముందే తెలుసు. గాలిలో తేమ ఎక్కువ, పోగు తక్కువ తెగుతుంది. పెనైన్ కొండల నుంచి దిగే వాగులు చక్రాలు తిప్పాయి, ఆ నీరు బట్ట చలవ చేయడానికీ రంగులకూ పనికొచ్చింది. నేల కింద బొగ్గు ఉంది. 1761లో తెరిచిన బ్రిడ్జ్‌వాటర్ కాలువ ఆ బొగ్గును మాంచెస్టర్‌కు చవగ్గా చేర్చింది. పక్కనే లివర్‌పూల్ రేవు. బానిసల వ్యాపారంతో బలిసిన రేవు అది. అమెరికా పత్తి దిగిందీ అక్కడే. 1830లో లివర్‌పూల్, మాంచెస్టర్‌ల మధ్య రైలు వచ్చింది. 1801లో 70 వేల పైచిలుకు జనమున్న మాంచెస్టర్ 1851కల్లా 3 లక్షలు దాటింది.

ఆవిరి యంత్రం లేకుండానే మిల్లులు నడిచాయా?

మొదటి తరం మిల్లులు చాలావరకు నీటితోనే నడిచాయి. అందుకే అవి పట్నాల్లో కాక లోయల్లో, నదుల పక్కన కనబడతాయి. జేమ్స్ వాట్ యంత్రంతో మొదటి నూలు మిల్లు 1785లో నాటింగ్‌హామ్‌షైర్‌లోని పాపుల్‌విక్‌లో నడిచింది. బొగ్గు దొరికే పట్నంలో మిల్లు పెట్టే వీలు దాంతో వచ్చింది. అయినా నీరు వెంటనే తప్పుకోలేదు. ఆవిరిది పూర్తిగా పైచేయి కావడానికి 1830ల దాకా పట్టింది.

మరమగ్గం ఎందుకంత ఆలస్యంగా వచ్చింది?

ఎడ్మండ్ కార్ట్‌రైట్ అనే మతబోధకుడు 1785లోనే మొదటి మరమగ్గానికి పేటెంటు తీసుకున్నాడు. కానీ అది మొరటుది. పోగు తెగితే ఆపడం, పడుగుకు గంజి పెట్టడం, బట్టను సమానంగా చుట్టడం ఒక్కొక్కటే తర్వాతివాళ్ళు సరిచేశారు. రాబర్ట్స్ 1822లో చేసిన ఇనుప మగ్గంతో పరిస్థితి కుదుటపడింది. బ్రిటన్‌లో 1813లో 2,400 మరమగ్గాలుంటే 1820లో 14,000, 1829లో 55,000, 1833కల్లా లక్ష.

ఈ నడిమి ముప్ఫై, నలభై ఏళ్ళు వింతైన కాలం. నూలు కుప్పలుగా వస్తోంది, నేయడానికి చేతులే కావాలి. 1790ల్లో చేతిమగ్గం పనివాడికి మంచి రోజులు. అది చూసి జనం నేతలోకి వచ్చిపడ్డారు. 1820ల్లో చేతిమగ్గాలు రెండు లక్షలు దాటాయి. ఆ తర్వాత పతనం. బోల్టన్‌లో 1800 ప్రాంతంలో వారానికి 20 షిల్లింగులకు పైగా సంపాదించిన నేతగాడికి 1830ల తొలినాళ్ళలో 6 షిల్లింగులు గగనమైంది. వాళ్ళు ఊరుకోలేదు. 1812లో వెస్ట్‌హాటన్‌లో మరమగ్గాల మిల్లు తగలబెట్టారు. యంత్రాలు పగలగొట్టినవాళ్ళకు ఉరిశిక్ష వేసే చట్టం ఆ ఏడే వచ్చింది. ఓటు హక్కు కోసం 1819 ఆగస్టు 16న మాంచెస్టర్ సెయింట్ పీటర్స్ మైదానంలో చేరిన వేలమందిలో నేతగాళ్ళు చాలామంది. వాళ్ళ మీదికి గుర్రపు దళాన్ని తోలారు, పదిహేనుమందికి పైగా చనిపోయారు. 1826 ఏప్రిల్‌లో తూర్పు లాంకషైర్‌లో వెయ్యికి పైగా మరమగ్గాలు పగలగొట్టారు. ఆకలి తట్టుకోలేక చేసిన పని అది. దాన్ని అజ్ఞానం అనడం నాకు ఇష్టం ఉండదు.

మిల్లుల్లో పిల్లలు పనిచేసేవాళ్ళా?

చేసేవాళ్ళు, చాలా చిన్నవయసులోనే. తెగిన పోగులు అతకడానికి, తిరుగుతున్న యంత్రం కింద దూరి దూది పింజలు ఊడ్చడానికి చిన్న చేతులు, చిన్న ఒళ్ళు కావాలని యజమానులు చెప్పేవాళ్ళు. నది ఒడ్డు మిల్లులకు చుట్టుపక్కల జనం చాలక, పట్నాల అనాథాశ్రమాల నుంచి పిల్లల్ని అప్రెంటిసులుగా తెచ్చుకున్నారు. రాబర్ట్ బ్లిన్‌కో అనే అనాథను 1799లో లండన్ నుంచి నాటింగ్‌హామ్ దగ్గరి మిల్లుకు పంపినప్పుడు అతనికి ఏడేళ్ళు. పెద్దయ్యాక అతను చెప్పిన దెబ్బలు, ఆకలి, నలిగిన వేళ్ళ కథ 1832లో అచ్చయి దేశాన్ని కుదిపింది.

చట్టాలు మెల్లగా వచ్చాయి. 1802లో అప్రెంటిసు పిల్లల పని రోజుకు 12 గంటలు దాటకూడదన్నారు. 1819లో నూలు మిల్లుల్లో తొమ్మిదేళ్ళలోపు పిల్లల్ని పెట్టకూడదన్నారు. చూసే అధికారి లేక రెండూ కాగితం మీదే ఉండిపోయాయి. జీతం ఇచ్చి ఇన్‌స్పెక్టర్లను పెట్టింది 1833 చట్టం. ఆడవాళ్ళకు, 18 ఏళ్ళలోపువాళ్ళకు రోజుకు పది గంటల పని 1847లో వచ్చింది. ఏకే గదుల్లో దూది ధూళి పీల్చి వచ్చే ఊపిరితిత్తుల జబ్బును మాత్రం ఈ చట్టాలేవీ ఆపలేదు.

అంత పత్తి ఎక్కడ పండింది?

బ్రిటన్‌కు దిగుమతైన దూది 1760లో సుమారు 1,100 టన్నులు. 1787లో 10,000 టన్నులు. 1837కల్లా లక్షా 60 వేల టన్నులు దాటింది. మొదట్లో ఇది తుర్కీ రాజ్యం నుంచి, వెస్టిండీస్ నుంచి, బ్రెజిల్ నుంచి వచ్చేది. 1793లో ఎలీ విట్నీ అమెరికాలో గింజలు తీసే కొత్త యంత్రం చేశాడు. చెక్క రూళ్ళ మధ్య పత్తిని పోనిచ్చి గింజ వేరుచేసే చేతి చట్రం మన దేశంలో వందల ఏళ్ళుగా ఉంది. కానీ అమెరికా మెట్ట భూముల పత్తిలో దూది గింజను గట్టిగా అంటుకుని ఉంటుంది, ఆ చట్రానికి లొంగదు. విట్నీ యంత్రం పళ్ళతో దాన్ని పీకేసింది.

దాంతో దక్షిణాది రాష్ట్రాల్లో పత్తి అడవిలా వ్యాపించింది, బానిసత్వమూ వ్యాపించింది. 1790లో అమెరికాలో బానిసలు సుమారు 7 లక్షలు. 1860లో 39 లక్షలు దాటారు. మేరీలాండ్, వర్జీనియాల నుంచి అలబామా, మిసిసిపీ పొలాలకు అమ్ముడుపోయిన కుటుంబాలు లెక్కలేనన్ని. బ్రిటన్ 1807లో బానిసల వ్యాపారం, 1833 చట్టంతో తన వలసల్లో బానిసత్వం రద్దు చేసి, ఆ తర్వాత కూడా తన మిల్లులకు కావలసిన దూదిలో అధిక భాగం అమెరికా బానిసల చేతుల మీదుగానే తెచ్చుకుంది. లాంకషైర్ బట్ట అంత చవగ్గా దొరకడంలో వాళ్ళ ఉచిత చాకిరీ ఉంది. యంత్రాల గొప్పతనం చెప్పేటప్పుడు ఈ సంగతి దాటవేస్తే లెక్క తప్పుతుంది.

ఇంగ్లీషువాళ్ళు మన నేతగాళ్ళ బొటనవేళ్ళు నరికించారా?

అలా నరికించినట్టు ఆధారాలు లేవు. ఈ మాటకు మూలం వేరే ఉంది. బెంగాల్‌లో ముడి పట్టుదారం చుట్టేవాళ్ళు, కంపెనీ తమతో బలవంతంగా పని చేయిస్తుంటే తట్టుకోలేక తమ బొటనవేళ్ళు తామే కోసుకున్నారని విలియం బోల్ట్స్ అనే కంపెనీ మాజీ ఉద్యోగి 1772లో రాశాడు. అది నోళ్ళలో పడి మారుతూ వచ్చింది. వేళ్ళు నరకలేదంటే హింస లేదని కాదు. ఉత్తర సర్కార్లు (మన కోస్తా ప్రాంతం) కంపెనీ చేతిలోకి వచ్చాక బయానా ఇచ్చి కట్టిపడేయడం, ఇతర వర్తకులకు అమ్మనివ్వకపోవడం, గుమాస్తాలు బట్టకు తక్కువ రకం కట్టి ధర కోయడం నడిచాయి. 1790ల చివర్లో గోదావరి ప్రాంతపు నేతగాళ్ళు దీని మీద తిరగబడ్డారు.

లాంకషైర్ బట్ట మన దేశాన్ని ఎప్పుడు ముంచెత్తింది?

1813లో భారత వ్యాపారంపై కంపెనీ గుత్తాధిపత్యం పోయింది, మాంచెస్టర్ వర్తకులకు తలుపు తెరుచుకుంది. 1814లో ఇక్కడికి దిగిన బ్రిటిష్ నూలు బట్ట 8 లక్షల గజాలు. 1835లో 5 కోట్ల గజాలు దాటింది. అదే కాలంలో బ్రిటన్‌కు వెళ్ళిన మన తానులు 12 లక్షల పైచిలుకు నుంచి 3 లక్షలకు తగ్గాయి. అప్పట్లో మన బట్టలో కొన్ని రకాల మీద బ్రిటన్ 70, 80 శాతం సుంకం వేసింది. వాళ్ళ బట్టకు ఇక్కడ మూడున్నర శాతమే. యంత్రం ఒక్కటే గెలిచిందనలేం, పన్నుల తక్కెడ కూడా ఒకవైపుకే వంగి ఉంది.

మిల్లు నూలు వల్ల మన నేతగాళ్ళకు మేలే జరిగిందంటారు కొందరు. నిజమేనా?

సగం నిజం. బట్ట కన్నా లోతుగా తాకింది నూలు. దిగుమతైన నూలు చవగ్గా, ఒకే రకంగా దొరకడంతో చాలామంది నేతగాళ్ళు దాన్నే పడుగు పోశారు. చీరెల్లో, పంచెల్లో స్థానిక అంచులు, కొంగులు, జరీ యంత్రానికి అంత తేలిగ్గా లొంగలేదు కాబట్టి మగ్గం బతికింది. రాట్నం బతకలేదు. మగ్గం మీద కూర్చున్నవాడు కష్టాలతోనైనా నిలబడ్డాడు. అతని ఇంటి వెనకా, పక్క వీధుల్లోనూ వడికి పూట గడుపుకున్న ఆడవాళ్ళకు మాత్రం దాని బదులు ఇంకో పని దొరకలేదు. వాళ్ళకు సంఘాలు లేవు, అర్జీలు రాసేవాళ్ళు లేరు. అందుకే దస్త్రాల్లో నేతగాళ్ళ మొర వినిపిస్తుంది, వీళ్ళది వినిపించదు. గాంధీ 1920ల్లో రాట్నాన్నే ఎందుకు ఎంచుకున్నాడో ఈ వెనకటి కథ తెలిస్తే బాగా అర్థమవుతుంది.

అమెరికా అంతర్యుద్ధంతో గుంటూరుకేం సంబంధం?

1861లో యుద్ధం మొదలై ఉత్తరాది నౌకాదళం దక్షిణాది రేవులను దిగ్బంధించింది. లాంకషైర్‌కు దూది రావడం ఆగిపోయింది. లక్షలమంది పనివాళ్ళు పస్తులున్నారు. అయినా మాంచెస్టర్ పనివాళ్ళు సభ పెట్టి బానిసత్వానికి వ్యతిరేకంగా లింకన్ పక్షాన నిలిచారు. 1863 జనవరిలో లింకన్ వాళ్ళకు ధన్యవాదాలు చెబుతూ ఉత్తరం రాశాడు. దూది కోసం వర్తకులు భారత్ వైపు పరుగెత్తారు. గుంటూరు ప్రాంతపు పత్తి కాకినాడ రేవు నుంచి ఓడలెక్కింది, ధరలు ఎగబాకాయి. మన పత్తి పింజ పొట్టిది కావడంతో అక్కడి పనివాళ్ళు దాన్ని తిట్టుకుంటూ వడికారు. 1865లో యుద్ధం ముగిసింది, ధర కూలింది. ధర నిలుస్తుందని నమ్మి అప్పు చేసి పత్తి వేసిన రైతులు మునిగారు.

మన దేశంలో మిల్లులు ఎప్పుడొచ్చాయి?

బొంబాయిలో కావస్‌జీ దావర్ 1854లో నూలు మిల్లు కంపెనీ పెట్టాడు. యంత్రాలు లాంకషైర్ నుంచే వచ్చాయి. ఆ తర్వాత అహ్మదాబాద్, షోలాపూర్, కోయంబత్తూరు. నిజాం రాజ్యంలో పేరు మోసిన వరంగల్ ఆజంజాహీ మిల్లు చాలా ఆలస్యంగా, 1934లో వచ్చింది.

ఇవన్నీ కళ్ళతో చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

ఇంగ్లండ్ వెళ్తే మాంచెస్టర్ విమానాశ్రయానికి దగ్గర్లోనే స్టయల్ ఊళ్ళో క్వారీ బ్యాంక్ మిల్లు ఉంది. 1784లో శామ్యూల్ గ్రెగ్ కట్టించాడు. నీటి చక్రం, మ్యూల్, అప్రెంటిసు పిల్లలు ఉన్న ఇల్లు అన్నీ చూడొచ్చు. క్రామ్‌ఫర్డ్ మిల్లు యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. బోల్టన్‌లో క్రాంప్టన్ మ్యూల్ తయారుచేసిన పాత ఇల్లు ఇప్పుడు మ్యూజియం. మన దగ్గరైతే కలంకారీ అద్దకానికి మచిలీపట్నం పక్కన పెడన వెళ్ళండి. చేతి వడుకుకు శ్రీకాకుళం జిల్లా పొందూరు వెళ్ళండి. అక్కడ ఆడవాళ్ళు వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, ఏకులు చేసి, ఒంటి కదురు రాట్నం మీద వంద కౌంటు నూలు తీస్తారు. వడికే సమయంలో వెళ్ళి, అడిగి, కాసేపు పక్కన కూర్చుని చూడండి. ఒక చిలపకు (నూలు చుట్టకు) ఎంత సేపు పడుతుందో, దానికి ఎంత కూలి వస్తుందో వాళ్ళనే అడగండి.